తిండి సంగతులు: ఎడారి ట్రఫుల్ తినొచ్చా, నిలవ పెట్టొచ్చా?

జనవరి దాటిందంటే కువైట్ నుంచీ, మా కడప వైపు నుంచీ వచ్చే ఉత్తరాల్లో ‘ఫగ్గా’ అనే మాట మొదలవుతుంది. ఎడారి ట్రఫుల్‌ను అక్కడ పిలిచే పేరది. ఈసారి చింతూరు నుంచి, టెక్సాస్ నుంచి కూడా దానికి దగ్గరి విషయమే అడిగారు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం ట్రఫుల్స్‌కే ఇచ్చేస్తున్నాను. షుగర్, థైరాయిడ్ ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, మాది రాజంపేట దగ్గర పల్లె. కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషిగా చేస్తున్నాను. చలికాలం చివర్లో మా ఇంటివాళ్లు ఫగ్గా పెట్టెలకు పెట్టెలు తెప్పిస్తారు. మట్టి అంటిన ఆలుగడ్డలా ఉంటుంది. ఎంత కడిగినా పంటి కింద ఇసుక తగులుతోందని నాకు తిట్లు. మిగిలింది నన్నే తినమంటారు. మాంసంతో సమానమట, రక్తం పడుతుందట. నిజమేనా?
– ఒక సోదరి, కువైట్

జవాబు: ముందు తిట్లు తప్పే దారి చెప్తానమ్మా, మాంసం సంగతి తర్వాత.

ఫగ్గా నేల లోపల పెరిగే శిలీంధ్రం. మన పుట్టగొడుగుకు చుట్టమే గానీ గొడుగు విప్పదు, ఇసుక కిందే ఉబ్బుతుంది. అలా ఉబ్బేటప్పుడు చుట్టూ ఉన్న ఇసుకను తన మడతల్లోకి లాగేసుకుంటుంది. మీ పంటి కింద పడేది పైన అంటిన ఇసుక కాదు, ఆ మడతల్లోది. కాబట్టి గడ్డను గడ్డగానే ఉంచి ఎంత రుద్దినా లాభం లేదు.

నేను అక్కడ ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా ఉన్న రోజుల్లో ఆ వంటశాలలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన కడిగే పద్ధతి ఇదీ. మొదట తడి తగలకుండా మెత్తటి బ్రష్‌తో దులపాలి. పాత టూత్‌బ్రష్ చాలు. తర్వాత వెడల్పు బేసిన్‌లో చన్నీళ్లు పోసి పావుగంట నానెయ్యాలి. ఇప్పుడు అందరూ చేసే తప్పేమిటంటే, బేసిన్ వంచి నీళ్లు పారబోస్తారు. అడుగున దిగిన ఇసుక మళ్లీ గడ్డల మీదికే వస్తుంది. నీళ్లు వంచకండి, గడ్డల్ని చేత్తో పైకి తీసి వేరే గిన్నెలో వెయ్యండి. అడుగున ఇసుక కనిపించనంత వరకూ నీళ్లు మార్చండి. అప్పుడు చిన్న కత్తితో తొక్క పల్చగా తీసి, ఎక్కడ నెర్రె కనిపిస్తే అక్కడే కొయ్యండి. నెర్రెకు అడ్డంగా కాదు, నెర్రె వెంబడి. రెండుగా విడిపోయి లోపల గోధుమరంగు గీతలా ఇసుక బయటపడుతుంది. దాన్ని గీరేసి, ముక్కల్ని ఇంకోసారి కడగండి. తెల్లగా నున్నగా ఉండే జుబైదీ అనే రకానికి ఇంత శ్రమ అక్కర్లేదు. ముదురు రంగు ఇఖ్లాసీకి నెర్రెలు ఎక్కువ, తిట్లు పడేదీ దానితోనే. ఉప్పునీళ్లలో ఉడికించాక ఆ రసం వాడాలంటే గరిటెతో తీయండి, అడుగున మిగిలే రెండు గరిటెలు వదిలెయ్యండి.

కోసినప్పుడు లోపల మీగడ రంగులో, సన్నటి పాలరాతి చారలతో గట్టిగా ఉంటే మంచిది. పురుగు తొలిచిన సొరంగాలు, జిగట, మెత్తబడి నీరు కారడం, ముక్కు దగ్గర పెట్టుకుంటే అమ్మోనియా ఘాటు, వీటిలో ఏది కనిపించినా ఆ గడ్డ చెత్తబుట్టకే. కిలో పదిహేను దీనార్లు పెట్టి కొన్నదాన్ని పారేస్తే మీ మేడమ్ ఏమంటుందోనన్న భయం ఉంటుంది. పారేసే ముందు కోసిన ముక్క ఆమెకే చూపించండి. మిగతావి కడగకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు వాడెయ్యండి. ప్లాస్టిక్ కవర్‌లో బిగించి పెడితే చెమర్చి రెండు రోజులకే బూజు పడుతుంది.

ఇక మాంసంతో సమానమన్న మాట. సౌదీ ట్రఫుల్స్‌ను 1980లలో పరీక్షించినప్పుడు, నీరంతా తీసేసిన పొడిలో ప్రొటీన్ నూటికి 20 నుంచి 27 దాకా తేలింది. ‘మాంసంతో సమానం’ అనేవాళ్లు చూపించే లెక్క ఇలాంటిదే. కానీ మీరు తినేది పొడి కాదు కదా. పచ్చి గడ్డలో ముప్పాతిక వంతుకు పైగా నీరే. వంద గ్రాముల ఫగ్గాకు లెక్క కడితే ప్రొటీన్ నాలుగు నుంచి ఆరు గ్రాములు, అంటే ఒక గుడ్డులో ఉన్నంత. అదే వంద గ్రాముల మేకమాంసంలో ఇరవై దాకా ఉంటుంది.

అందులోనూ ఒక మెలిక ఉంది. ల్యాబ్‌లో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. కెల్డాల్ పద్ధతిలో నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. శిలీంధ్రాల గోడల్లో కైటిన్ అనే పదార్థం ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదే. దానిలోనూ నైట్రోజన్ ఉంది గానీ అది మనకు ప్రొటీన్‌గా పనికిరాదు. అందుకే పుట్టగొడుగుల జాతికి 4.38తో గుణించాలని మాకు ఎమ్మెస్సీలో నేర్పారు. అలా చూస్తే ఆ నాలుగారు గ్రాములు మూడు, నాలుగుకు దిగుతాయి. మంచి తిండే, సందేహం లేదు. కొవ్వు తక్కువ, పీచు బాగా ఉంది, పొటాషియం, భాస్వరం దండిగా ఉన్నాయి. మాంసానికి బదులు మాత్రం కాదు.

రక్తం పడుతుందన్నది కూడా అంతే. ఇనుము కొంత ఉంది, కానీ ఆకుకూరల్లో ఉండే రకమే, మాంసంలో ఉన్నంత సులువుగా ఒంటికి పట్టదు. పైగా మట్టి పూర్తిగా వదలని గడ్డను పరీక్షకు ఇస్తే ఆ మట్టిలోని ఇనుమూ లెక్కలో పడుతుంది. మీకు ఆయాసం, నీరసం ఉంటే ఫగ్గా మీద ఆశ పెట్టుకోకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట ‘మిగిలింది’ అన్నది. ఫగ్గా వేసి వండిన అన్నం మధ్యాహ్నం పెద్ద పళ్లెంలో పెడతారు, అతిథులు వెళ్లేసరికి సాయంత్రం, మీ చేతికి వచ్చేసరికి రాత్రి. అంతసేపు బయట ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విషం వదులుతుంది. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వడ్డించే ముందే మీ వాటా ఒక డబ్బాలో తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటానని అడగండి. తినమని చెప్పే మనిషి ఆమాత్రం కాదనదు. మొదటిసారి తినేటప్పుడు నాలుగు ముక్కలతో ఆగండి. కైటిన్ అందరికీ తేలిగ్గా అరగదు, కొందరికి కడుపు ఉబ్బుతుంది. పచ్చిగా అసలు తినొద్దు. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవాళ్లు పొటాషియం వల్ల, గౌట్ ఉన్నవాళ్లు ప్యూరిన్ల వల్ల డాక్టర్‌ను అడక్కుండా తినకూడదు.

శుక్రవారం సెలవు కదా, మనమూ ఎడారికి వెళ్లి తవ్వుకుందామని స్నేహితులు పిలిస్తే ఒకటి గుర్తుంచుకోండి. 1991 యుద్ధంలో కువైట్‌లో ఆరు వందలకు పైగా చమురుబావులు తగలబెట్టారు, ఎడారిలో మందుపాతరలు పరిచారు. పేలని గుండ్లు ఇసుక కింద ఎక్కడ ఉంటాయో చెప్పలేం, చమురు ఇంకిన నేలలూ ఉన్నాయి. ఫగ్గా కోసం వెతికేవాళ్లు చూసేదే ఇసుక పగిలి కాస్త లేచిన చోటు. అలాంటి చోట కర్రతో పొడిచే పని మీరు పెట్టుకోవద్దు. సిరియాలో 2023 ఫిబ్రవరిలో అల్ సుఖ్నా దగ్గర ట్రఫుల్స్ ఏరడానికి వెళ్లినవాళ్ల మీద దాడి జరిగి యాభై మందికి పైగా చనిపోయారు. బజారులో పెట్టెల్లో కనిపించే సరుకు వెనక ఇదీ ఉంటుంది.

ప్రశ్న: మా ఆయన కువైట్ నుంచి వచ్చేటప్పుడు రెండు కిలోల ఫగ్గా తెస్తానన్నారు. నూనెలో వేయించి, కారం, ఆవపిండి, వెల్లుల్లి కలిపి నిలవ పచ్చడి పెడదామని ఉంది. సీసా నిండా నూనె పోస్తే గాలి తగలదు, ఏడాది పాడవదు అంటారు మా అత్తగారు. కొలతలు చెప్పండి.
– గృహిణి, రాయచోటి

జవాబు: కొలతలు చెప్పను, పెట్టొద్దని చెప్తాను. అత్తగారికి కోపం వస్తే ఈ జవాబు చదివి వినిపించండి, తప్పు నా మీదికి తోసెయ్యండి.

గాలి తగలకపోతే పాడవదన్న ఆమె మాట మామిడికాయకు నూటికి నూరుపాళ్లు నిజం. ఆవకాయను కాపాడేది నూనె ఒక్కటే కాదు, మామిడికాయ పులుపూ, మనం గుప్పెళ్లతో వేసే ఉప్పూ. పులుపును పీహెచ్ అనే కొలతతో చూస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మామిడికాయది 3 దగ్గర ఉంటుంది. 4.6 కంటే తక్కువగా ఉన్నచోట, తిండి విషమై వచ్చే బొటులిజం అనే జబ్బును తెచ్చే క్లాస్ట్రిడియం బొటులినం అనే సూక్ష్మజీవి మొలకెత్తలేదు. ఫగ్గాలో పులుపు లేదు, కాబట్టి ఆ రక్షణా లేదు.

ఈ సూక్ష్మజీవి ఉండేది మట్టిలోనే. దాని బీజాలు మామూలుగా నీళ్లు మరిగే వేడికి చావవు, వాటికి ప్రెషర్‌లో 121 డిగ్రీలు కావాలి. మూకుడులో నూనె ఎంత కాగినా, ముక్క లోపల తేమ ఉన్నంతసేపు అక్కడి వేడి వంద డిగ్రీలు దాటదు. అలా బతికిన బీజానికి కావలసింది గాలి లేని చోటు, పులుపు లేని తిండి, కాస్త తేమ, వంటింటి వెచ్చదనం. నూనె నిండా పోసిన ఆ సీసాలో ఇవన్నీ ఉన్నాయి. అది వదిలే విషానికి రంగు ఉండదు, వాసన ఉండదు. చాలాసార్లు సీసా చూస్తే ఏమీ తెలియదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక హోటల్‌లో నూనెలో నిలవ ఉంచిన తరిగిన వెల్లుల్లి తిని 36 మందికి బొటులిజం వచ్చింది. వెల్లుల్లి కూడా ఫగ్గా లాగే మట్టిలో పెరిగేది, పులుపు లేనిది. మీ పచ్చడిలో రెండూ ఉన్నాయి.

కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం బొటులిజం లక్షణాలు. సాధారణంగా తిన్న 12 నుంచి 36 గంటల్లో మొదలవుతాయి. జ్వరం ఉండదు కాబట్టి ‘నీరసం’ అని ఇంట్లో పడుకోబెడతారు. అలా చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, ఏం తిన్నారో చెప్పాలి.

షాపుల్లో పుట్టగొడుగుల పచ్చడి అమ్ముతున్నారు కదా అంటారేమో. సరిగ్గా తయారుచేసేవాళ్లు వెనిగరో, సిట్రిక్ యాసిడో కలిపి పీహెచ్ మీటర్‌తో కొలిచి సీసాకెత్తుతారు. మన ఇంట్లో ఆ మీటర్ లేదు. చింతపండు గుజ్జు వేశాం కదా అనుకుంటే అది ముక్క మధ్య దాకా దిగిందో లేదో నాలుకతో తేల్చలేం.

తినాలని ఉంటే ఆ రోజు కూర వండుకోండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, ఉడికిన ముక్కల్ని నెయ్యిలో దోరగా వేయించి మిరియాల పొడి చల్లితే అన్నంలోకి చాలా బావుంటుంది. పచ్చడే కావాలంటే నిమ్మరసం బాగా పిండి రోటి పచ్చడిలా చేసి, ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో ముగించండి. మిగిలిన గడ్డల్ని తొక్క తీసి, ముక్కలు కోసి, ఐదు నిమిషాలు ఉడికించి, చల్లారాక ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి ఉంటాయి. గల్ఫ్ ఇళ్లలో చేసేది అదే. కరెంటు పోతుందన్న బెంగ ఉంటే మన ఎండలు ఉండనే ఉన్నాయి. పల్చటి బిళ్లలుగా తరిగి, విరిస్తే ఫట్‌మనేదాకా ఎండబెట్టి డబ్బాలో పోసుకోండి. తేమ లేనిచోట ఏ సూక్ష్మజీవీ పెరగదు.

మీ ఆయనకూ ఒక మాట చెప్పండి. మట్టి అంటిన గడ్డల్ని సూట్‌కేసులో వేసుకురావద్దు. అనుమతి లేకుండా విదేశీ మట్టి మన దేశంలోకి తేకూడదు, విమానాశ్రయంలో తీసి పారేస్తే కొన్న డబ్బులు దండగ. అక్కడే శుభ్రం చేసి ఎండబెట్టిన ముక్కలు తేవడం మేలు, బరువూ తగ్గుతుంది.

ప్రశ్న: అమ్మా, తొలకరి పడగానే జగదల్‌పూర్ సంతలో బోడ వస్తుంది. గోళీల్లా గుండ్రంగా, మట్టి రంగులో ఉంటుంది. మా బంధువులు తెస్తే మేమూ తింటాం. మటన్ కంటే ఎక్కువ ధర. టీవీలో లక్షలు పలుకుతాయని చూపించే ట్రఫుల్ ఇదేనా? ఈమధ్య మా కుర్రాళ్లు ఇటువైపు అడవిలో తామే ఏరుకొస్తామంటున్నారు. వెళ్లనివ్వొచ్చా?
– ఉపాధ్యాయుడు, చింతూరు

జవాబు: మాష్టారూ, టీవీలో చూపించేది ఇది కాదు. ఆ ఖరీదైనవి ట్యూబర్ జాతి, ఇటలీలోని ఆల్బా, ఫ్రాన్స్‌లోని పెరిగోర్ లాంటి చోట్ల దొరుకుతాయి. మీ బోడ ఆస్ట్రేయస్ అనే వేరే జాతికి చెందింది. జార్ఖండ్‌లో దీన్నే రుగ్డా అంటారు. అయితే బతుకు తీరు రెండిటిదీ ఒకటే, చెట్ల వేళ్లతో పొత్తు. ట్రఫుల్ ఓక్ చెట్టు వేళ్లను పట్టుకుంటే, బోడ గుగ్గిలం చెట్టు వేళ్లను పట్టుకుంటుంది. ఎడారి ఫగ్గాకైతే రగ్రూగ్ అనే చిన్న పొద చాలు. చెట్టు చక్కెర ఇస్తుంది, ఇది నీళ్లూ లవణాలూ వెతికి తెచ్చి ఇస్తుంది. గుగ్గిలం అడవి పోతే బోడ కూడా పోతుంది. ఉరుము ఉరిమితేనే పుడుతుందని బస్తర్‌లో అంటారు, అరబ్బులూ ఫగ్గా గురించి అచ్చం అదే అంటారు. ఉరుము సంగతేమో గానీ వాన మాత్రం వేళకు పడాలి.

కుర్రాళ్ల సంగతికి వద్దాం. సంతలో అమ్మే ఆడవాళ్లు ఏళ్ల తరబడి అవే చెట్ల కింద ఏరినవాళ్లు. వాళ్ల దగ్గర కొనుక్కుని తినండి, నాకు అభ్యంతరం లేదు. తెలియని కుర్రాళ్లు తామే ఏరుతామంటే ఉంది. నేలలో గుండ్రంగా కనిపించేవి ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి స్క్లెరోడెర్మా. అదీ అవే చెట్ల కింద పెరుగుతుంది. తింటే వాంతులు, కడుపునొప్పి. ముదిరితే లోపల ఊదా కలిసిన నలుపు, లేతగా ఉన్నప్పుడు మాత్రం అదీ తెల్లగానే ఉంటుంది. రెండోది అసలు ప్రమాదం, విషపు అమానిటా పుట్టగొడుగు మొగ్గ. గొడుగు విప్పక ముందు గుడ్డులా నేలలో ఉంటుంది.

అందుకే తెచ్చిన ప్రతి కాయనూ పైనుంచి కిందికి నిలువుగా కోసి చూడాలి. లేత బోడ లోపల అంతా ఒకే తెల్లటి గుజ్జు, చుట్టూ గట్టి తొక్క. లోపల ఎక్కడైనా చిన్న గొడుగు, కాడ, రెక్కల గీతలు బొమ్మ గీసినట్టు కనిపిస్తే అది అమానిటా. దాన్ని ముట్టుకున్న కత్తి కూడా కడగండి, ఆ బుట్టలో దానితో కలిసి ఉన్నవన్నీ పారెయ్యండి. నల్లబడి పొడి రాలే బోడ కూడా వద్దు, అది తినే దశ దాటిపోయింది. కోసి చూస్తే అమానిటాను పట్టుకోవచ్చు. లేత స్క్లెరోడెర్మాను పట్టుకోవడానికి మాత్రం ఏరే చెయ్యి తెలిసిందై ఉండాలి.

వెండి నాణెం వేసి ఉడికిస్తే విషమైతే నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని, పురుగు తిన్నది మనిషికీ మంచిదేనని మన పల్లెల్లో చెప్తారు. మూడూ అబద్ధాలే. అమానిటా విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల దాకా ఏమీ అనిపించదు. తర్వాత వాంతులు, విరేచనాలు, ఆపైన ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునే ఆ రోజే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. అనుమానం వస్తే వాంతులు తగ్గాయా లేదా అని చూడకుండా, మిగిలిన కూర, తొక్కలు ఒక కవర్‌లో వేసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఏం తిన్నారో డాక్టర్లు పోల్చుకోవడానికి ఆ తొక్కలే ఆధారం.

ప్రశ్న: నేను సౌదీలో డ్రైవర్‌ని, మాది నిజామాబాద్ జిల్లా. నా కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటే మా యజమాని తల్లి ఫగ్గా నీళ్లు కంట్లో వేసుకోమంది. మత గ్రంథంలో కూడా ఉందట. వేసుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆమె ప్రేమగా చెప్పింది, ఊరికే కల్పించి చెప్పలేదు. ఈ గడ్డ నీరు కంటికి మందని ప్రవక్త మాటలు చెప్పే హదీసులో ఉంది, అరబ్బులు దాన్ని ఎంతో గౌరవంగా చెప్పుకుంటారు. జోర్డాన్‌లో శాస్త్రజ్ఞులు ఈ గడ్డ రసాన్ని ల్యాబ్‌లో పరీక్షించి, కొన్ని బ్యాక్టీరియాల పెరుగుదలను అది తగ్గిస్తున్నట్టు చూపించారు కూడా. కానీ ల్యాబ్ పళ్లెంలో పనిచేసింది వేరు, వంటింట్లో పిండిన నీళ్లు కంట్లో వెయ్యడం వేరు. కంటి చుక్కల మందులో ఒక్క సూక్ష్మజీవి కూడా ఉండకూడదు. మట్టిలోంచి తీసిన గడ్డ నీళ్లలో ఎన్ని ఉంటాయో చెప్పనక్కర్లేదు, సన్నటి ఇసుక రేణువు నల్లగుడ్డును గీస్తే చూపుకే ముప్పు. డ్రైవింగ్ మీద బతికే మనిషివి. ఆ తల్లికి దండం పెట్టి, గడ్డను కూరలో తిని, కంటిని డాక్టర్‌కు చూపించుకో.

ప్రశ్న: నాకు ఐదో నెల. మా వారు పెళ్లిరోజుకి ఇటాలియన్ రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేశారు. అక్కడ వేడి పాస్తా మీద పచ్చి ట్రఫుల్ తురిమి ఇస్తారు. తినొచ్చా ఆంటీ?
– ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: పాస్తా తినమ్మా, పైన తురుము వద్దను. మంచి ట్రఫుల్ అయినా మట్టిలోంచి వచ్చిందే. కడిగి, బ్రష్ చేసినా సూక్ష్మజీవులు పూర్తిగా పోవు. యూరప్ ట్రఫుల్స్‌లో అప్పుడప్పుడూ లిస్టీరియా అనే బ్యాక్టీరియా కూడా బయటపడింది. మామూలు మనిషికి అది పెద్ద లెక్కలోది కాదు. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం తల్లికి కాస్త జ్వరంలా వచ్చిపోయి బిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది. అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, కాబట్టి ‘ఫ్రెష్‌గా ఫ్రిజ్‌లోంచి తీశాం’ అన్న మాట మీద భరోసా పెట్టుకోవద్దు. పాస్తా వేడికి తురుము వెచ్చబడుతుంది, అంతే. లిస్టీరియా చావాలంటే 74 డిగ్రీల సెల్సియస్, మీ లెక్కలో 165 ఫారెన్‌హీట్, రావాలి. నల్ల ట్రఫుల్‌ను సాస్‌లో వేసి ఉడికించి ఇవ్వమంటే చాలామంది షెఫ్‌లు చేసిస్తారు. తెల్లది వేడికి వాసన పోగొట్టుకుంటుంది కాబట్టి దాన్ని పచ్చిగానే వేస్తారు. అది వచ్చే ఏడాది పెళ్లిరోజుకి.

ప్రశ్న: మన దేశంలో అసలు ట్రఫుల్ పెరగదా?
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: పెరుగుతుంది. ట్యూబర్ ఇండికమ్ అనే నల్ల ట్రఫుల్‌కు ఆ పేరు పెట్టిందే హిమాలయాల్లో, ముస్సోరీ దగ్గర దొరికిన నమూనాల వల్ల. 1892 నాటి మాట. ఇప్పుడు అదే జాతి చైనాలోని యున్నాన్ నుంచి టన్నుల కొద్దీ యూరప్‌కు వెళ్తుంది. చూడ్డానికి పెరిగోర్ ట్రఫుల్‌లా ఉంటుంది, వాసన తక్కువ. అక్కడి మోసగాళ్లు అసలుదానిలో కలిపి అమ్ముతారు. తింటే ప్రాణానికేం కాదు, పర్సుకే నష్టం.

ప్రశ్న: హైదరాబాద్ సూపర్‌మార్కెట్‌లో ట్రఫుల్ ఆయిల్ చిన్న సీసా కొన్నాను. రోజూ పిల్లల నూడుల్స్‌లో వేస్తే ట్రఫుల్ పోషకాలు అందుతాయా?

జవాబు: అందవు. సీసా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. ఆలివ్ ఆయిలో, ఇంకో నూనో రాసి, పక్కన ‘ఫ్లేవర్’ అని ఉంటుంది. చాలా బ్రాండ్లలో ఆ వాసన 2,4-డైథయాపెంటేన్ అనే రసాయనానిది. తెల్ల ట్రఫుల్ వాసనలో ఉండేదాన్నే ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. వంటలో వేసే చుక్కలకు హాని లేదు, కానీ అందులో ప్రొటీనూ పీచూ పొటాషియమూ ఏవీ లేవు. మీ పిల్లలకు అందేది ఒక చెంచా నూనె. సీసాలో అందానికి వేసిన ఎండు ట్రఫుల్ ముక్కలు కనిపిస్తుంటే కంగారు పడకండి, అవి తేమ తీసేసినవి. దాన్ని చూసి ఇంట్లో పచ్చి పుట్టగొడుగులు నూనెలో వేసి ఊరబెడదామని మాత్రం అనుకోవద్దు, ఎందుకో రాయచోటి జవాబులో చెప్పాను. ఉన్న సీసాను పొయ్యి పక్క నుంచి తీసి చీకటి అరలో పెట్టండి, మూత తీశాక రెండు మూడు నెలల్లో అవగొట్టండి.